ఇరవై మీటర్ల మీద నా పేరు

నా పేరు హోటల్ రేడియోలో వినబడిందన్న కబురు మొదట మోసుకొచ్చింది మా ఆడబిడ్డ. సందె దీపం పెట్టి చేతులు జోడించానో లేదో, కాళ్ళ చెప్పులు కూడా విడవకుండా దేవుడి గూటి దాకా వచ్చేసింది.

"ఒదినె, నీ పేరు హోటల్ల మోగుతాంది! అన్న గొంతే. నా చెవులార ఇన్న. చాయ్ తాగేటోళ్ళందరు ఇన్నరు. పడి పడి నవ్వుతున్నరు."

వెనక గదిలో మా వారు చెవుల మీది హెడ్‌ఫోను అప్పుడే తీసి కింద పెడుతున్నారు. ఆ మాట ఆయనకూ వినబడింది. అంతకు కాస్త ముందే ఆయన ముఖంలోకి ఒక వెలుగు వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను చూడని వెలుగు. అది పోవడం కూడా నేనే చూశాను. దేవుడు రెండింటినీ ఒకే సాయంత్రం చూపించాడు. మొదటిదానికి దేవుడికి ఈ రోజుకూ దండం పెట్టుకుంటాను. రెండోదాని గురించి దేవుణ్ణి ఏమీ అడగలేదు. అడగవలసిన వాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

మా వారికి నత్తి. పాలమూరు తారు ఆఫీసులో, అంటే టెలిగ్రాం ఆఫీసులో పని, ఊరంతా తార్‌బాబు అనేది. మీట మీద చెయ్యి పెడితే ఆ టక్కుటక్కులు పెనం మీద నీటి చుక్కల్లా చిటపటా పడేవి. నోరు తెరిస్తే మాత్రం మొదటి అక్షరం దగ్గరే బండి దిగబడేది. శనివారం భజనలో గొంతెత్తితే ఎక్కడా తట్టేది కాదు. అందుకని కొందరు ఆయన నత్తిని వేషమనుకునేవారు, లేదా అనుకున్నట్టు వేషం వేసేవారు. "పాటకు రాని నత్తి మాటకెట్ల వస్తది తార్‌బాబు?" అని మొహం మీదే అడిగేవారు.

పెళ్ళయి అత్తవారింటికి వచ్చిన రోజు, అందరి ఇళ్ళలో లాగానే ఆడబిడ్డ గడపకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది. పేర్లు చెప్తేనే లోపలికి రానిస్తానంది. నేను తల వంచుకుని ఆయన పేరు చెప్పేశాను. ఆయన నా పేరు మొదలుపెట్టారు. రాలేదు. పెదవులు బిగుసుకున్నాయి, మెడ నరాలు లేచాయి. నవ్వు ముందు ఆడవాళ్ళలో మొదలైంది, తర్వాత బాజా వాళ్ళ దాకా పోయింది.

"పెండ్లాం పేరు గుడ మర్చిపోయిండా పిలగాడు?" అన్నారెవరో.

చివరికి మా ఆడబిడ్డే చేతులు దించేసింది. "చెప్పిండు, నాకు ఇనబడ్డది. లోపటికి రాండ్రి" అంది. అబద్ధమే. ఆ అబద్ధానికి నేను ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. కానీ చెప్పలేకపోయానన్నది ఆయన లోపల ముల్లులా ఉండిపోయింది. మామూలు రోజుల్లో మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం మా ఇళ్ళల్లో లేదు గనక, ఆ ముల్లు తీసుకునే సందర్భం కూడా రాలేదు. "ఇగో" అనేవారు. లేకపోతే కంచం అంచు మీద వేలితో తట్టేవారు.

మాది దేవరకొండ పక్క పల్లె. నేను బడికి పోలేదు. మా నాయిన అరుగు మీద ఇసుక పరిచి అక్షరాలు దిద్దించారు. మా వారి వేలి చప్పుళ్ళు కూడా అట్లాగే, ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండా, వింటూ వింటూ పట్టుకున్నాను. నీళ్ళు కావాలో చారు కావాలో కంచం చప్పుడే చెప్పేది. మా కాపురం చాలా మటుకు అట్లా జరిగింది. అది తక్కువ కాపురమని నేనెన్నడూ అనుకోలేదు.

సర్కారు లైసెన్సు తీసుకుని, సొంత రేడియోతో దూరపు ఊళ్ళ వాళ్ళతో ముచ్చట్లు పెట్టుకునే వాళ్ళు కొందరు ఉండేవారు. లాభం లేని పని, సరదా. మా వారు పరీక్ష రాసి ఆ లైసెన్సు తెచ్చుకున్నారు. వినే పెట్టె సికింద్రాబాదు పాత సామాన్ల బజారులో దొరికింది, ఒకప్పుడు పటాలం వాళ్ళది. పంపే పెట్టె తనే కట్టుకున్నారు. నలభై మీటర్ల బ్యాండు మీద, మీటతో, మదరాసు బెంగుళూరు వాళ్ళతో మాట్లాడేవారు. బ్యాండు అంటే ఆకాశంలో ఒక వీధి అనుకోండి, మీటర్ల లెక్క ఆ వీధి పేరు. ఆ వీధిలో ఉన్నవాళ్ళకు ఆ వీధి వాళ్ళే కలుస్తారు. ఆ వీధిలో మా వారికి పేరుండేది. తార్‌బాబు చెయ్యి ఎంత తేట, ఎక్కడా తొణకదు అని అక్కడి పెద్దలు మెచ్చుకునేవారు. వాళ్ళలో ఒక్కరికీ ఆయనకు నత్తి ఉందని తెలియదు. లోకం మొత్తంలో ఆయన నత్తివాడు కాని చోటు అదొక్కటే.

అట్లాంటిది, ఒక రోజు అన్నం ముందు కూర్చుని, "మా... మాట్లాడాలె. నో... నోటితోని" అన్నారు.

"మాట్లాడుండ్రి. ఎవరొద్దన్నరు?"

"గ... గక్కడ గాదు. తె... తెల్వనోళ్ళ తాన."

నాకు అర్థమైంది. తన చేతిని మెచ్చుకున్న వాళ్ళకు తన నోరు వినిపించడం ఇష్టం లేదు. ఇంకో వీధికి పోవాలి. ఇరవై మీటర్ల బ్యాండు మీద అయితే దూరదేశాల వాళ్ళు కలుస్తారు. తడబడితే తడబడ్డాడు, వాళ్ళు ఎవరో, తను ఎవరో. ఆయన అడిగింది అంతే. పరాయి వాళ్ళ మధ్య ఒక్కసారి నోరు విప్పుకునే జాగా.

గొంతు పంపడానికి వేరే పెట్టె కావాలి. సినిమా హాల్లో మూలపడ్డ ఆంప్లిఫయర్ ఒకటి అడిగి తెచ్చుకుని దాన్ని విప్పి, కలిపి, మళ్ళీ విప్పి ఆ పెట్టె తయారు చేశారు. ఆ పద్ధతిని ఏ.ఎం. అంటారు. పంపే పెట్టె నుంచి ఒకే తీరున ఒక అల పోతూ ఉంటుందట, గొంతు దాని మీద ఎక్కి పోతుందట.

"మాట్లాడకుంటే అల ఆగుతదా?" అని అడిగాను.

"ఆ... ఆగది. ఖా... ఖాళీ బండి లెక్క పోతనే ఉంటది."

ఇక అలను ఆకాశంలోకి పంపే తీగ కట్టాలి. తూర్పు దేశాలకు పోవాలంటే తీగను ఉత్తర దక్షిణాలుగా కట్టాలి. మా వెనక పెరడు సన్నది, దాని పొడుగు తూర్పు పడమరలు. అందుకని కొత్త తీగ మా మిద్దె మీది గడ నుంచి వీధి దాటి మా ఆడబిడ్డ ఇంటి మీదికి పోయింది. ఆమె ఇంటి పక్కనే చాయ్ హోటలు. హోటలు రేడియో తీగ కూడా ఆ గోడకే వేలాడుతుండేది. ఆ సంగతి ఎవరం పట్టించుకోలేదు. మీటతో మాట్లాడినన్నాళ్ళూ ఇరుగుపొరుగు రేడియోల్లో ఒక చిన్న టిక్కు కూడా రాలేదు మరి.

ఆదివారాలు పొద్దుగూకే వేళ కూర్చునేవారు. నేను అలంపురం జోగులాంబకు చీర మొక్కుకున్నాను. మొదట్లో ఎవరెవరో పలికారు, ఇంగ్లీషులో. ఆయన మాట మొదటి అక్షరం దగ్గర ఆగగానే, మీ మైకు తీగ తెగిపోతున్నట్టుంది, బిగించి చూసుకోండి అనేవారు. మర్యాదగానే అనేవారు. ఇంకొకరు మీ పెట్టెలో ఏదో అతుకు ఊడింది అన్నారు. మా వారికి తెలుసు అతుకు ఎక్కడ ఊడిందో. అయినా సోమవారం పొద్దున్నే కూర్చుని మైకు తీగకు మళ్ళీ టంకం వేసేవారు. నేను చూస్తూ ఉండేదాన్ని.

అప్పుడు దొరికారు ఆ పెద్దమనిషి. మలయాలో రబ్బరు తోటలో గుమాస్తా. ఇంగ్లీషులో రెండు మాటలు అయ్యాయో లేదో, "ఇదేటి, తెలుగోరా బాబూ మీరు?" అన్నారు. వాళ్ళ తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి పోయారట. మా వారు హెడ్‌ఫోను రెండు చెవులనూ విడదీసి, ఒకటి నా చేతికి ఇచ్చారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అట్లాగే విన్నాం, తల తలా ఆనించుకుని.

మా వారు ఊరి పేరు చెప్పబోయి ఆగిపోయారు. నేను ఎప్పటిలాగే మైకు తీగ మాట వస్తుందని చూశాను.

"తొందరేటి లేదు బాబూ" అంది ఆ గొంతు. "మీరు మాటాడకపోయినా ఉన్నట్టు నాకు తెలస్తంది. మీ అల రాగానే ఇక్కడ రేడియో హోరు ఆగిపోతంది, వోన కురస్తుంటే ఎవరో తలుపేసినట్టు. ఉన్నారు గదా, అది సాలు. తీరుబడిగా సెప్పండి."

మా వారు, అంత వయసు వచ్చిన మనిషి, కళ్ళు మూసుకున్నారు. ఇంట్లో గానీ, బడిలో గానీ, ఆఫీసులో గానీ ఆయన ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మాట తామే పూర్తిచేసేవారు. నేనూ పూర్తిచేసేదాన్ని, ప్రేమతోనే. పూర్తిచేయకుండా కూర్చున్న మొదటి మనిషి సముద్రం అవతల ఉన్నారు. ఊరి పేరు వచ్చింది. తర్వాత తన పేరు వచ్చింది. వారం వారం మాటలు కాస్త పొడుగయ్యాయి.

ఆ ఆదివారం ఆ పెద్దమనిషి నవ్వుతూ, "పక్కన ఎవరో ఉన్నట్టున్నారు. గాజుల సప్పుడు ఇనబడతంది" అన్నారు.

"నా... నా భార్య."

"అలాగా! ఏటి పేరు అమ్మగారిది?"

నేను చెయ్యి అడ్డం ఊపాను, వద్దు అని. మా వారు నా వైపు చూడలేదు. గడప దగ్గర బిగుసుకున్నట్టే పెదవులు బిగుసుకున్నాయి. మొదటి అక్షరం పట్టుకుంది, వదిలింది, మళ్ళీ పట్టుకుంది. అవతల ఆ గొంతు ఏమీ అనలేదు. ఉందని మాత్రం తెలుస్తూనే ఉంది. నా పేరు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆయన ఊపిరి తీసుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. ఈసారి మొత్తం వచ్చింది, ఎక్కడా విరగకుండా.

"సక్కని పేరు" అన్నారు ఆ పెద్దమనిషి.

నేను లేచి పోయి దీపం పెట్టింది అందుకే. ఆ దీపం ముందుకే మా ఆడబిడ్డ చెప్పులతో వచ్చింది.

ఆమె చెప్పిన మాట విన్న మరుక్షణమే మా వారికి అర్థమైంది. తీగ హోటలు నెత్తిన పోతోంది. మీటతో పంపేటప్పుడు పక్కింటి రేడియోకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఏ.ఎం. అల మీద గొంతు ఉంటుంది. అంత దగ్గరగా, అంత బలంగా పోతుంటే ఆ రేడియో ఏ స్టేషను మీద ఉన్నా ఈ గొంతే పలుకుతుంది. ఎన్ని ఆదివారాలుగా పలుకుతోందో! ఆడబిడ్డ అంతకు ముందు ఆదివారాలు పొలం కాడ ఉండి వినలేదు, అంతే. హోటల్లో జనం మొదట రేడియో పాడైందనుకున్నారట. తర్వాత గొంతు పోల్చారు. ఆ తర్వాత ఆదివారం కోసం కాచుకుని కూర్చున్నారు. వాళ్ళకు ఇటు మాటే వినబడేది, అటు మాట వినబడేది కాదు. ఆయన తడబాటు వినబడింది. ఆ తడబాటు కోసం ఒక మనిషి కూర్చుని ఎదురుచూడటం వాళ్ళకు వినబడలేదు.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర బిందె పెట్టాను. హోటల్ బల్ల మీద నుంచి ఒకాయన, పిల్లల తండ్రి, నా పేరును ముక్కలు చేసి నా వెనక విసిరాడు. మొదటి అక్షరం, మళ్ళీ మొదటి అక్షరం, మళ్ళీ. చుట్టూ నవ్వు. బిందె నిండే దాకా ఆ నవ్వు ఆగలేదు. నేను కొంగు చుట్టుకుని వచ్చేశాను.

"గిందుకే, ఆడిదాని పేరు మొగుని నోట్ల రావద్దంటరు. బజార్ల పడ్డది సూడు" అంది మా అత్త.

"అత్తమ్మా, నా పేరు ఆయన నోట్ల పాడుగాలే. వాళ్ళ నోట్ల పాడయింది" అన్నాను. అత్తకు ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే.

మా వారు రెండు రోజులు కూర్చుని ఒక చిన్న తీగచుట్ట చుట్టారు. దాన్ని హోటలు రేడియో తీగ దగ్గర పెడితే చాలు, ఇక ఈ గొంతు అందులోకి రాదు. దాన్ని రుమాలులో కట్టుకుని హోటలుకు తనే పోయారు. నేనూ, ఆడబిడ్డా ఆమె ఇంటి గుంజల వెనక నిలబడి చూశాం.

"రాండ్రి రాండ్రి తార్‌బాబు!" హోటలాయన లేచాడు. "చాయ్ తాగుండ్రి. మీ తాన పైసలు దీసుకుంటనా? మీతోనే గద నా గిరాకి!"

"మీ రే... రే..."

"రేగుపండ్లు!" అన్నాడొకడు.

"గాదురా, రేకుడబ్బ!" అన్నాడు ఇంకొకడు.

మా వారు నోరు మూసి రుమాలు విప్పారు. తీగచుట్ట చూపించారు, రేడియో చూపించారు, తన గొంతు మీద వేలు పెట్టి అడ్డంగా ఊపారు. హోటలాయనకు అర్థమైంది.

"గది పెడితే మీ మాట రాదా? అబ్బో, నాకొద్దు సామి. సిన్మకు పోయేటోళ్ళు గుడ ఐతారం నాడు గీడనే కూసుంటున్నరు. మీ నోటికాడి మాట నా నోటికాడి బువ్వ."

"ఊకె అడిగితె ఇయ్యడు తార్‌బాబు, పాడి అడుగుండ్రి! పాటకు మీకు తట్టదు గద!" అన్నాడు బల్ల మీద వాడు.

అన్నవాడు ఎవరో నాకు తెలుసు. శనివారం భజనలో మా వారి పక్కన కూర్చుని తాళం వేసేవాడు. మా వారు తీగచుట్టను బల్ల మీద పెట్టేసి, ఎవరి వైపూ చూడకుండా వచ్చేశారు. మా ఆడబిడ్డ గుంజ పట్టుకుని, "మీ ఇండ్లల్ల మూగోళ్ళు పుట్ట!" అని వీధికి వినబడేటట్టు అంది. శాపాలు పెట్టవద్దని రోజూ దేవుడి ముందు చెప్పుకునేదాన్ని, ఆమెను ఆపబుద్ధి కాలేదు.

తరువాతి ఆదివారం ఆయన కూర్చుంటారని నేను అనుకోలేదు. కూర్చున్నారు. చెవి ఒకటి నాకిచ్చారు. ఆ పెద్దమనిషి పిలుస్తున్నారు. మా వారు మైకు మీట నొక్కారు, అల పోయింది. కానీ నోరు తెరవలేదు. తెరిస్తే వీధి అవతల బల్లలన్నీ నిండి ఉన్నాయి.

కాసేపటికి మీట వదిలారు. అవతల ఆ పెద్దమనిషి, "ఉన్నారు. తెలస్తంది. నానూ ఉన్నాను" అన్నారు.

మా వారు మళ్ళీ మీట నొక్కి, మైకు ముందు అట్లాగే కూర్చున్నారు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నేను చెయ్యి మైకు దగ్గరికి తీసుకుపోయి ఒకసారి కదిపాను. గాజులు మోగాయి, ఆయన మీట వదిలారు.

"అమ్మగారూ ఉన్నారు!" అని నవ్వారు ఆ పెద్దమనిషి. "మంచిది బాబూ. ఇయాల మాట రాకపోతే రాకపోనీండి. వొచ్చే ఆదోరం సూద్దారి."

మా వారు పెట్టె ఆపేశారు. హోటల్లో ఆ కాసేపూ పాటలు బందయ్యాయనీ, గాజుల చప్పుడు తప్ప ఏమీ రాలేదనీ, జనం హోటలాయనను తిట్టుకుంటూ లేచిపోయారనీ ఆడబిడ్డ వచ్చి చెప్పింది.

మర్నాడు తీగ దించేశారు. గొంతు పెట్టె ఏ ముక్కకు ఆ ముక్క విప్పేశారు. మళ్ళీ పాత వీధికి, నలభై మీటర్ల మీదికి, మీట దగ్గరికి పోయారు. నాకు అన్నిటికన్నా చేదుగా మిగిలింది అక్కడ జరిగిందే. చెయ్యి తడబడటం మొదలుపెట్టింది. ఒక అక్షరం కొట్టి ఆగేది, మళ్ళీ అదే కొట్టేది. మదరాసు వాళ్ళు, ఒంట్లో బాగాలేదా, మీ చెయ్యిలా లేదే అని అడిగారు. నత్తి నోటి నుంచి వేళ్ళలోకి దిగింది. కంచం మీద తట్టే చప్పుడు కూడా మారింది. నేను అర్థమైనట్టే నీళ్ళు పోసేదాన్ని.

కొన్నాళ్ళకు ఉత్తరాన సరిహద్దులో యుద్ధం వచ్చింది, ఇట్లాంటి రేడియోలన్నీ ఆపేయాలని సర్కారు హుకుం వచ్చింది. మిగతా వాళ్ళు బాధపడ్డారట. మా వారు మాత్రం ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించారు. తర్వాత అనుమతులు మళ్ళీ ఇచ్చినప్పుడు అడగలేదు. భజనకు కూడా పోలేదు. ఆయన కన్నుమూసే దాకా మళ్ళీ పాడగా నేను వినలేదు.

జోగులాంబకు చీర ఇచ్చి వచ్చాం. ఇంత జరిగినాక మొక్కేమిటి అంది మా అత్త. నేను మొక్కుకున్నది ఆయన మాట్లాడితే ఇస్తానని. మాట్లాడారు కదా. నా పేరు నిండుగా చెప్పారు. అమ్మవారు తన మాట నిలుపుకుంది, నేను నా మాట నిలుపుకోకపోతే ఎట్లా?

మా వీధి హోటలును మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అట్లాంటివి మీ ఊళ్ళో కూడా ఉంటాయి. నేను అడిగేది వేరే. ఇక్కడ ఏం జరిగిందో మలయాలోని ఆ పెద్దమనిషికి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మాకు నోరు రాలేదు. వచ్చే ఆదివారం చూద్దామన్న మనిషి, ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు పిలిచి, హోరు ఎప్పుడు ఆగుతుందా అని చెవి పెట్టి ఉంటారో నాకు తెలియదు. ఆయన ఇప్పుడు ఉన్నారో లేరో కూడా తెలియదు. సందె దీపం పెట్టుకునే వాళ్ళెవరైనా ఇది చదివితే, ఆ దీపం ముందు ఆయన్ను ఒక్కసారి తలుచుకోండి.